గుంటూరు సర్కారుకు ఏలిక ఎవరు?

గుంటూరు, ప్రకాశం జిల్లాల కళాశాలల్లో బి.ఎ. అంటే చాలాకాలం చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం కలిసిన చదువే. పత్తి చేలనుంచి, మిరప కళ్లాలనుంచి వచ్చిన పిల్లలెందరో ఆ దారినే పట్టభద్రులయ్యారు. 2023–24లో ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ ఒకే ప్రధాన విషయం చుట్టూ తిరిగే పద్ధతికి మారింది. చరిత్ర, రాజనీతి విడిపోయాయని విచారించేవారున్నారు. అయితే అవి నిజంగా ఎన్నడు కలిశాయి?

గుంటూరు సర్కారు సంగతే చూడండి. 1765లో ఉత్తర సర్కారుల కోసం క్లైవు మొగలు చక్రవర్తి షా ఆలం నుంచి ఫర్మానా పొందాడు. 1766లో అదే భూమికై కంపెనీ నిజాం అలీ ఖాన్‌తో ఒడంబడిక చేసుకొని, ఏటా సొమ్ము చెల్లించడానికి ఒప్పుకున్నది. గుంటూరు మాత్రం నిజాం సోదరుడు బసాలత్ జంగ్‌కు జీవితకాలపు జాగీరు. ఆయన 1782లో మరణించినా, అది కంపెనీ చేతికి వచ్చింది 1788లోనే. విద్యార్థి ఒక తరగతిలో ఈ సంవత్సరాలను కంఠస్థం చేస్తాడు. మరొక తరగతిలో సార్వభౌమాధికారానికి బోడిన్, ఆస్టిన్ ఇచ్చిన నిర్వచనాలు వల్లిస్తాడు. 1785లో గుంటూరుకు సార్వభౌముడెవరని అడిగే ప్రశ్నపత్రం అరుదు. పేరు చక్రవర్తిది, పాలన హైదరాబాదుది, హక్కు పత్రం మద్రాసులో! ఆస్టిన్ నిర్వచనం ఈ ఒక్క సర్కారు ముందే తడబడుతుంది.

ఈ లోపం విశ్వవిద్యాలయాలదే అనుకోరాదు. ఇమాం మావర్దీ గ్రంథం ‘అల్ అహ్కాముస్సుల్తానియా’ను చరిత్రతో పనిలేకుండా చదివేవారు మనలోనూ ఉన్నారు. బలంతో ఒక ప్రాంతాన్ని చేజిక్కించుకున్న అమీరును ఖలీఫా కొన్ని షరతులపై గుర్తించవచ్చునని ఆయన రాశారు. ఇది బలవంతునికి లొంగిపొమ్మన్న సలహా అని తేల్చివేయడం సులువు. కాని 945లో బువైహీలు బగ్దాదులో ప్రవేశించిన తర్వాత సింహాసనం ఖలీఫాది, సైన్యమూ ఖజానా వారివి. ఆ బలాన్ని ధర్మశాసనపు పరిధిలోకి తేవాలన్న తపన ఆ షరతుల్లో కనిపిస్తుంది. ‘ఇమారతుల్ ఇస్తీలా’ను ‘దురాక్రమణ పాలన’ అని తెలిగిస్తే ఆయన దాన్ని ఖండించినట్లు, ‘బలంతో పొందిన అధికారం’ అంటే సహించినట్లు ధ్వనిస్తుంది. ఏది తగినదో నిఘంటువు చెప్పదు, బగ్దాదు చరిత్ర చెప్పాలి.

నిజాం ఏలుబడిని మన యువకులు కొందరు గర్వంగా తలుస్తారు, ఎదుటివారు కొందరు నేరంగా ఎంచుతారు. ఫర్మానా, జాగీరు, పేష్కష్ అన్న మాటల లోతు ఇద్దరికీ పట్టదు. సర్కారులపై నిజాంకు ఏటా రావలసిన సొమ్మును 1823లో కంపెనీ ఒకేసారి చెల్లించి తెంచుకున్నది. గుంటూరు చేతికి వచ్చి అప్పటికి ముప్పయి అయిదేళ్లు!