జ్వరం దిగిన రోజు

మా అపార్ట్‌మెంట్‌లో ఒక పిల్లాడికి ఈ వారం ఒక సాయంత్రం జ్వరం వచ్చింది. తెల్లారేసరికి ల్యాబ్ కుర్రాడు వచ్చి ‘ఫీవర్ ప్యాకేజీ’ కోసం రక్తం తీసుకెళ్ళాడు. మధ్యాహ్నానికి ఫోన్‌లో రిపోర్టు: టైఫాయిడ్‌కి చేసే వైడల్ పరీక్ష పాజిటివ్. అప్పటికి ఏ డాక్టరూ ఆ పిల్లాడి పొట్ట మీద చెయ్యి వేసి చూడలేదు. ఒళ్ళు మండింది నాకు. టైఫాయిడ్ అనుమానం ఉంటే తొలి వారంలో చేయించాల్సింది బ్లడ్ కల్చర్, అదీ యాంటీబయాటిక్ మొదలెట్టక ముందు. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్‌కి కూడా వైడల్ పాజిటివ్ చూపించొచ్చు.

నా కాగితం గోల పాత పాఠకులకి తెలుసు. జ్వరం వస్తే ఒక కాగితం మీద టైమూ, డిగ్రీలూ, చలీ, చెమటా రాసుకోవాలి. చదువు రాని మా అమ్మమ్మ అదంతా మనసులోనే ఉంచుకునేది. ‘మొన్న దీపాలవేళ వణికాడు, నిన్న లేదు, ఇవాళ మళ్ళీ వణుకు’ అని చెబితే డాక్టరు గారికి మలేరియా దారి దొరికేది. 1897లో సికింద్రాబాద్‌లో మలేరియా గుట్టు వెతుకుతున్న డాక్టర్ రోనాల్డ్ రాస్ చేసిందీ రోజులు లెక్కపెట్టడమే. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమల్లో ఒకదాన్ని నాలుగో రోజున, ఆగస్టు 20న, కోసి చూస్తే కడుపు గోడలో కొత్త కణాలు కనిపించాయి. మర్నాడు ఇంకో దోమలో అవే మరింత పెద్దవయ్యాయి. మలేరియా క్రిమి దోమలో పెరుగుతోందని ఆ ఒక్కరోజు తేడాయే చెప్పింది. రాస్ ఆ పని చేసిన బేగంపేట భవనం ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మా అపార్ట్‌మెంట్ పిల్లాణ్ణి చివరికి వీధి చివర క్లినిక్‌కి తీసుకెళ్ళారు. ‘ఇది ఎన్నో రోజమ్మా?’ అన్నదే డాక్టరు గారి మొదటి ప్రశ్న. పరీక్ష చేయిస్తే డెంగీ. పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వద్దన్నారు, నీళ్ళు బాగా తాగించమన్నారు. నాలుగో రోజు జ్వరం దిగింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటే, ఆయన మాత్రం రేపూ ఎల్లుండీ తప్పకుండా తీసుకురమ్మన్నారు. డెంగీలో రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారే ముప్పు జ్వరం దిగే వేళకే మొదలవుతుంది.

మంచి డాక్టరు కోసం ఎంత దూరమైనా వెళ్ళాలన్నది నా పాత వాదన. డెంగీ ముందు అది నిలవదు. వరసగా రెండు మూడు రోజులు చూపించుకోగలిగే దగ్గరి డాక్టరే అప్పుడు కావాలి. జ్వరం దిగిన ఆ రెండు మూడు రోజుల్లో తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగకండి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.