ఏ చెట్టుది, ఏ పూటది

తిరువూరు చుట్టుపక్కల కల్లు పాకల్లో సంక్రాంతికి తాగిన కల్లు శ్రీరామనవమికి దొరకదు. చలి రోజుల్లో ఈతకల్లు తియ్యగా, పల్చగా ఉంటుంది. ఎండలు ముదిరేసరికి ఈత వంతు అయిపోయి, ఘాటుగా నురగ కక్కే తాటికల్లు దిగుతుంది. తాటికల్లులోనూ పోతుతాటిది, అంటే మగచెట్టుది ఒక రుచి, కాయ కాసే పండుతాటిది ఇంకో రుచి. పొద్దున్నే దించిన కుండకూ అదే కుండలో మధ్యాహ్నానికి మిగిలినదానికీ కూడా పోలిక ఉండదు. కొత్తగా తాగేవాళ్లు దీన్ని లోపం అనుకుంటారు. "మొన్న బాగుంది, ఇవాళ బాలేదు" అని మొహం చిట్లిస్తారు. కల్లు మీద నాకున్న ఇష్టమంతా ఆ మార్పు మీదే. రోజూ ఒకేలా ఉండే కల్లును చూస్తే నాకు భయం వేస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు చెట్టు ఎక్కాలి.

తిరువూరు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. 2022 దాకా కృష్ణా జిల్లా. విజయవాడ నుంచి మైలవరం మీదుగా వచ్చే రోడ్డు తిరువూరు దాటగానే తెలంగాణలోకి, పెనుబల్లి, కొత్తగూడెం, భద్రాచలం వైపు పోతుంది. అందువల్ల ఇక్కడివాళ్లకు రెండు వైపుల కల్లు అలవాట్లూ తెలుసు. మనవైపు పాక అంటే అటువైపు మండువ అంటారు, పట్నాల్లో అయితే కాంపౌండ్. భద్రాచలం దాటి మన్యంలోకి వెళితే తాడీ ఈతా కాక జీలుగు చెట్టు కనిపిస్తుంది. కొండరెడ్లు, కోయలు ఇష్టంగా తాగే జీలుగు కల్లు మెత్తగా, తియ్యగా గొంతు దిగుతుంది. ఒకే దారిన వెళుతూ మూడు చెట్ల కల్లు రుచి చూడొచ్చు.

గీతపనిలో అన్నిటికన్నా కష్టమైనది ఎక్కడమే. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడు మోకు. కాళ్లకు వేసుకునే బంధం గుజి. నడుముకు కట్టుకునే ముస్తాదులో కత్తులు, కుండలు తగిలించుకునే ఏర్పాటు. మోకును పైకి విసిరి, దాని మీద ఒరిగి, గుజితో కాళ్లు ఆన్చి, మళ్లీ మోకు విసిరి, ఇలా అరవై డెబ్బై అడుగులు. చెట్టు తడిగా ఉన్నా, మోకు పాతబడినా ప్రాణం మీదికి వస్తుంది. ఒక చెట్టు దిగితే ఇంకో చెట్టు ఉంటుంది, ఎక్కిన చెట్టునే మళ్లీ సాయంత్రం ఎక్కాలి. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడుల కులదైవం. చెట్టు ఎక్కేముందు తలుచుకునే దేవుడి పేరే దానికి పెట్టడం నాకు సబబుగా అనిపించింది. ఇలాంటి ఏర్పాటు సరిహద్దుకు ఇటువైపు గీత కార్మికులందరికీ అందాలి.

పైకెక్కాక చేసే పని నగిషీ పని లాంటిది. తాడిచెట్టుకు కల్లు కాండం నుంచి రాదు, పూగెల నుంచి వస్తుంది. పోతుతాటి గెలలు వేళ్లలా పొడుగ్గా సాగుతాయి. వాటిని కర్రల మధ్య పెట్టి పదునుగా నొక్కి, కలిపి కట్టి, చివరలు కోస్తారు. పండుతాటి గెలనైతే కాయ ముదరకముందే నొక్కి, చివర గీస్తారు. గీసిన గెలకు ఆ ఏడు ముంజలు ఉండవు. ముంజలు కావాలా కల్లు కావాలా అన్నది ముందే తేల్చుకోవాలి. నొక్కడం ఎక్కువైతే గెల కుళ్లిపోతుంది, తక్కువైతే ఊట రాదు. మొదట కొన్నాళ్లు చుక్క కూడా పడకపోయినా రోజూ ఎక్కి గీస్తూనే ఉండాలి. గీయగా గీయగా గెల ఊటకు వస్తుంది.

ఊట వచ్చాక కత్తి పనితనం తెలుస్తుంది. కోసిన చోట రసం ఎండి, సూక్ష్మజీవులు చేరి, రంధ్రాలు పూడుకుపోతాయి. అందుకే పూటపూటకూ పలుచటి పొర తీసి కొత్త కోత పెడతారు. పొర మందంగా తీస్తే గెల తొందరగా తరిగిపోయి, నెలల పాటు రావాల్సిన కల్లు వారాల్లో అయిపోతుంది. మరీ పలుచగా తీస్తే ఊట బిగుసుకుపోతుంది. మంచి గీత కార్మికుడి కత్తి పదును, గెల నుంచి రాలిన పొర పలచదనం చూస్తే ఆ ఏడు కల్లు ఎన్నాళ్లు వస్తుందో అంచనా కట్టొచ్చు. ఈ నేర్పును చదువుకున్న మనం చాలా తక్కువ చేసి చూశాం.

ఈతచెట్టుది వేరే పద్ధతి. ఇక్కడ పూగెలతో పని లేదు. తల కింద, మొవ్వుకు దగ్గరగా, కాండం మీదే మట్టలు తీసి లోపలి మెత్తటి భాగం బయటపడేలా చెక్కుతారు. కొన్ని రోజులు గీస్తారు, కొన్ని రోజులు చెట్టుకు విరామం ఇస్తారు. ఒక ఏడు ఒక వైపు గీస్తే మరుసటి ఏడు రెండో వైపు గీస్తారు. అందుకే పాత ఈతచెట్టు ఒళ్లంతా మెట్లు మెట్లుగా, వంకర్లు పోయి ఉంటుంది. ఆ గాట్లు లెక్కపెడితే ఆ చెట్టును ఎన్నేళ్లు గీశారో తెలుస్తుంది. విరామం ఇవ్వకుండా పిండితే చెట్టు చస్తుంది. ఈతకల్లు రుచిలో ఉన్న మర్యాద ఆ విరామం నుంచి వచ్చిందేనని నా నమ్మకం.

తెలంగాణ పల్లెల్లో తాటి కాపును పోతుతాడు, పండుతాడు అని విడివిడిగా చెబుతారు. ఏది ఏ నెలలో మొదలవుతుందో ఊరిని బట్టి, వానను బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది. మొత్తం మీద చలికాలం ఈతది, శివరాత్రి దాటాక పోతుతాటిది, నడివేసవి పండుతాటిది. తొలకరి పడ్డాక చెట్టుకు కట్టిన కుండలో, అంటే లొట్టిలో వాననీళ్లు చేరి కల్లు పల్చబడుతుంది, గెలలూ అయిపోతాయి. తాగేవాడు చెట్టు వరస కోసం ఎదురుచూడాల్సిందే.

ఇక కుండలో జరిగేది. చెట్టు నుంచి వచ్చే రసంలో ప్రధానంగా ఉండేది చక్కెర, సుమారు పది పన్నెండు శాతం. బీరుకైతే బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, వేడినీళ్లలో నానబెట్టి పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చాలి. కల్లుకు ఆ పని చెట్టే చేసి పెడుతుంది. చుక్క లొట్టిలో పడగానే పులియడం మొదలు. మట్టికుండ గోడల్లో నిన్నటి ఈస్టు దాక్కుని ఉంటుంది, గాలిలో, గెల మీద ఇంకెన్నో జీవులుంటాయి. ముందుగా లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా పుల్లదనం తెస్తుంది, కల్లు తెల్లగా చిక్కబడుతుంది. ఆ వెంటే ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా, వాయువుగా మారుస్తుంది. అదే నురగ. మధ్యాహ్నం దాటాక వెనిగర్ చేసే బ్యాక్టీరియాది పైచెయ్యి అవుతుంది. ఒక పగటిపూటలోనే తీపి, పులుపు, ఘాటు, చివరికి వెనిగర్ వాసన వరసగా వచ్చిపోతాయి. ఆల్కహాలు మామూలుగా నాలుగు నుంచి ఆరు శాతం మధ్య, అంటే బీరుకు దగ్గరలోనే ఉంటుంది. చల్లటి రాత్రి ఈ పరుగును నెమ్మదింపజేస్తుంది కాబట్టే చలికాలపు పొద్దుటి ఈతకల్లు అంత తియ్యగా ఉంటుంది. మే నెలలో తాటికల్లు చెట్టు మీదే సగం పులిసి దిగుతుంది.

ఈ కుండలో ఉండే జీవుల్లో జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా ఒకటి. 1920ల్లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ లిండ్నర్ మెక్సికోలో కిత్తనార జాతి మొక్క రసం పులియబెట్టి తాగే పుల్కే నుంచి దాన్ని వేరుచేశాడు. బీరు ఫ్యాక్టరీల్లో ఇది దొంగ, పడితే పీపా అంతా పాడైనట్టే. మన కల్లులో మాత్రం ఈస్టుతో సమానంగా కష్టపడే పనిమంతురాలు. ప్రయోగశాలలో పెంచిన ఒకే ఒక్క ఈస్టుతో నడిచే పానీయానికీ, ఊరి గాలి మొత్తం చెయ్యివేసే పానీయానికీ ఉన్న దూరం ఇక్కడ తెలుస్తుంది.

బీరును ప్రేమించే దేశాల్లోనూ ఇదే తపన ఉంది. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే బీరును చలి నెలల్లోనే కాస్తారు. కాచిన రసాన్ని వెడల్పాటి తొట్టిలో రాత్రంతా ఆరుబయటి గాలికి ఆరనిచ్చి, ఆ గాలిలోని జీవులతోనే పులియనిస్తారు. ఇంగ్లండులో 1970ల నాటికి పెద్ద కంపెనీలు అన్ని పబ్బుల్లోనూ ఒకే రుచి ఉన్న, ఈస్టును వడగట్టేసిన బీరు నింపేస్తుంటే, 1971లో కొందరు తాగేవాళ్లు 'కాంరా' అనే సంఘం పెట్టి పీపాలో బతికి ఉండే బీరు కోసం పోరాడారు. ఆ బీరు పీపా తెరిచిన కొద్ది రోజుల్లో అయిపోవాలి, పీపా పీపాకూ కొంచెం తేడా ఉంటుంది. పబ్బులో ఏ వారం ఏ బీరు వచ్చిందో చూసుకోవడం అక్కడివాళ్లకు వేడుక. తెలంగాణ 2015లో మైక్రోబ్రూవరీలకు అనుమతిచ్చాక హైదరాబాద్ యువత కూడా ఈ వారం ఏ పీపా తెరిచారని అడగడం నేర్చుకుంది. అది మంచి అలవాటు. తాటిచెట్టు కింద వాళ్ల తాతలు అడిగిన ప్రశ్న కూడా అదే: "ఏ చెట్టుదన్నా?"

ఆ ప్రశ్న ఆగిపోయిన చోట ప్రమాదం మొదలైంది. పట్నాలు పెరిగాయి, చెట్లు తరిగాయి, తాగేవాళ్లు తగ్గలేదు. హైదరాబాద్‌లో 2004లో మూతపడిన కల్లు దుకాణాలు 2014లో తిరిగి తెరుచుకున్నాయి. చెట్టు ఇచ్చేదానికీ దుకాణం అమ్మేదానికీ మధ్య ఉన్న ఖాళీని నీళ్లు, చక్కెర, మత్తుమందులు నింపాయి. క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, అల్ప్రజోలం. దీన్నే జనం మందు కల్లు అంటారు. దానికి అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, మూర్ఛలు రావడం తెలంగాణ ఆసుపత్రుల్లో కొత్త కాదు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. చనిపోయినవాళ్లలో రోజు కూలీలు ఉన్నారు. మందు కల్లుకు కాలం లేదు, పూట లేదు. ఆగస్టులో తాగినా ఫిబ్రవరిలో తాగినా ఒకటే రుచి, ఒకటే మత్తు. రోజూ ఒకేలా ఉండే కల్లు అంటే నాకు భయం అన్నది అందుకే. చెట్టు కల్లు అబద్ధం ఆడదు, దాని వయసు దాని పులుపులోనే తెలిసిపోతుంది.

నీరా గురించి కూడా చెప్పాలి. లొట్టికి లోపల సున్నం పూస్తే పులియడం ఆగుతుంది, తీపి రసం అలాగే ఉంటుంది. చల్లగా ఉంచి అమ్మడానికి హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ తెరిచారు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రం తాటి ఉత్పత్తుల మీద పనిచేస్తోంది. తాటిబెల్లం, నీరా, ముంజలు గీత కుటుంబాలకు అదనంగా ఆదాయం ఇవ్వగలవు, ఇవ్వాలి. కానీ నీరా ఉంటే కల్లు అక్కర్లేదనే మాట నేను ఒప్పుకోను. నీరా చెట్టు ఇచ్చే తీపి. కల్లు చెట్టూ, కత్తీ, కుండా, ఆ రోజు గాలీ కలిసి చేసే పని. రెండూ ఉండాలి.

2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మద్యం దుకాణాల్లో పది శాతం గీత కులాలకు కేటాయించింది. అంతకుముందే తెలంగాణ పదిహేను శాతం ఇచ్చింది. కుటుంబాల బతుకుకు అది ఆసరా, కాదనలేం. అయితే సీసాల దుకాణంలో కూర్చున్న కుర్రాడు మోకు పట్టడం ఎవరి దగ్గర నేర్చుకుంటాడు? తాడిచెట్టు నాటితే పూయడానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది, పూసేదాకా అది పోతుదో పండుదో కూడా తెలియదు. అన్నాళ్లు ఓపిక పట్టి పెంచిన చెట్టును ఇటుకబట్టీకి కొట్టేయడానికి ఒక పూట చాలు. చెట్టు నాటడానికీ, గీత నేర్చుకునే కుర్రాడికి చేతిఖర్చు ఇవ్వడానికీ దుకాణాల కేటాయింపులో సగం శ్రద్ధ పెట్టినా చాలు.

తాగేవాళ్లు చేయగలిగింది కూడా ఒకటి ఉంది. గీత సహకార సంఘాల దుకాణాల ముందు ఒక నల్లబల్ల పెట్టించాలి. చాక్‌పీసుతో నాలుగు మాటలు రాస్తే చాలు: ఈతా, తాడా, తాడైతే పోతుదా, పండుదా, ఏ ఊరి చెట్టు, ఇవాళ ఎన్ని గంటలకు దించారు. మధ్యాహ్నం రెండింటికి వచ్చినవాడు పొద్దున ఆరింటి కల్లు పులుపును ఫిర్యాదు చేయకుండా, తెలిసే తాగుతాడు. ఆగస్టులో ఆ బల్ల మీద 'ఈ నెల కల్లు లేదు' అని ఉంటే, వచ్చే ఈత కాలానికి అదే దుకాణానికి ముందుగా వెళ్లాలి.