తెనాలి–రేపల్లె పల్లెవెలుగు

తెనాలి నుంచి రేపల్లెకు రైలు 1916లోనే వచ్చింది. సుమారు 34 కిలోమీటర్ల దారి. మధ్యలో జంపని, వేమూరు, భట్టిప్రోలు స్టేషన్లున్నాయి. ఇంత చక్కటి రైలు పక్కనుండగా అదే దిక్కుకు బస్సు ఎలా నిలదొక్కుకుందని అడిగితే డెల్టాలో ఎవరైనా చెబుతారు. రైలెక్కాలంటే స్టేషను దాకా నడవాలి, బస్సుకైతే కాలవ వంతెన దగ్గర చెయ్యెత్తితే చాలు.

పాత చరిత్ర ఇక్కడ క్లుప్తంగానే చెబుతాను. నిజాం సర్కారు 1932లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. కోస్తాలో మాత్రం చాలాకాలం ప్రైవేటు బస్సులదే రాజ్యం. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క వెనకాల బొగ్గు పొయ్యి కట్టుకుని నడిచినవీ వాటిలో ఉన్నాయి. 1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడ్డాక కోస్తా రూట్లు దాని చేతికి వస్తూ పోయాయి. 2022లో జిల్లాలు విడిపోయి తెనాలి గుంటూరు జిల్లాలో, రేపల్లె బాపట్ల జిల్లాలో పడ్డాయి. ఊరూరా ఆగే ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు ఇప్పుడు జిల్లా సరిహద్దు దాటి వెళ్తోంది. ఎక్కిన వాళ్లకు ఆ సంగతి పట్టదు.

ఈ బస్సు నడపడంలో నన్ను ఆకట్టుకునేది కాగితం మీద జరిగే పని. లెక్క కోసం ఒక వైపు ప్రయాణం గంటంబావు అనుకుందాం. రెండు చివర్లా పావుగంట చొప్పున ఆగితే రౌండుకు మూడు గంటలు. అరగంటకో బస్సు కావాలంటే ఆరు బళ్లు చాలు. అసలు చిక్కు మనుషుల దగ్గర వస్తుంది. మూడు రౌండ్లు తిప్పితే స్టీరింగు మీదే ఏడున్నర గంటలు. డిపోలో బండి తీసుకోవడం, చివర డబ్బు అప్పజెప్పడం కలిపితే 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పిన 8 గంటలు నిండిపోతాయి. ఐదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదని, కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా 2025లో రద్దయ్యే దాకా ఆ చట్టమే చెప్పేది. ఆ అరగంట అన్నం దొరికే ఊళ్లో పడాలి. కాలేజీ పిల్లల వేళ తప్పకూడదు. నైట్ హాల్ట్ బండి అయితే సిబ్బంది రాత్రి ఊళ్లోనే పడుకుని, తెల్లారగట్ల మొదటి ట్రిప్పుకు సిద్ధంగా ఉండాలి. ఇన్నిటినీ ఒక డ్యూటీ చార్టులో ఇరికించినవాడి పేరు బస్సు మీద ఎక్కడా ఉండదు. సినిమాకు స్క్రీన్‌ప్లే రాసినవాడి పేరైనా తెర మీద పడుతుంది.

ఇక కండక్టరు చేతిలో ఉండే ఎస్సార్ అనే టికెట్ల లెక్క కాగితం. టికెట్ మిషన్లు రాకముందు రేకు ట్రేలో రకరకాల ధరల టికెట్ కట్టలు ఉండేవి. స్టేజీ వచ్చినప్పుడల్లా ప్రతి కట్టలో పైనున్న టికెట్ నంబరును ఎస్సార్‌లో రాసుకోవాల్సి వచ్చేది. ఇదే స్టేజీ క్లోజ్ చేయడం. పద్ధతి చూడండి. ఎన్ని టికెట్లు అమ్మాడో కండక్టరు ఎక్కడా విడిగా రాసేవాడు కాదు. ఈ స్టేజీ నంబరులోంచి వెనకటి స్టేజీ నంబరు తీసేస్తే అదే తేలుతుంది. దాన్ని ధరతో గుణిస్తే ఆ ముక్క దారి ఆదాయం, అన్ని ధరలవీ కూడితే సంచిలో ఉండాల్సిన డబ్బు. దారి మధ్యలో ఎక్కిన చెకింగ్ ఇన్‌స్పెక్టర్ తలలు లెక్కపెట్టి, టికెట్ల మీద పంచ్ రంధ్రాలు చూసి, ఎస్సార్ తిరగేస్తే చాలు, తేడా ఉంటే తెలిసిపోయేది. కిక్కిరిసిన బస్సులో, కుదుపుల మధ్య, చిల్లర ఇస్తూ, పెన్సిలుతో ఈ నంబర్లు తప్పకుండా దించిన చేతుల్ని మన చేతిపనుల జాబితాల్లో ఎవరూ చేర్చలేదు. చేర్చాలని నా అభిప్రాయం.

డ్రైవరు పనితనానికి కొలత లీటరుకు నడిచిన కిలోమీటర్లు. డిపోలో ఎవరి లెక్క వారికి ఉంటుంది. ఎక్స్‌ప్రెస్‌లో మంచి అంకె తెచ్చుకోవడం గొప్పేం కాదు. ఊరూరా ఆగే బండిలో, నల్లరేగడి కుంగి అలలు తేలిన రోడ్డు మీద, ముందు వడ్ల ట్రాక్టరు కదలనప్పుడు కూడా బ్రేకు మీద కాలు పడకుండా, ముందుగానే యాక్సిలరేటరు వదిలి బండిని దొర్లనిచ్చి స్టాపు దగ్గర నిలబెట్టడం నిజమైన నేర్పు. నిలబడ్డ ముసలామె ఊగకుండా బస్సు ఆగిందంటే డీజిలూ మిగిలిందన్నమాటే.

ఇప్పుడు కండక్టరు చేతికి టికెట్ మిషన్ వచ్చింది, కూడికలు అదే చేసుకుంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగులో రాష్ట్రంలోని ఆడవాళ్లకు ఛార్జీ లేదు. అయినా గుర్తింపు కార్డు చూసి సున్నా రూపాయల టికెట్ కొట్టి చేతికివ్వాలి. డబ్బు చేతులు మారకపోయినా ఎక్కిన మనిషి లెక్కలోకి రావాలి. ఆర్టీసీకి ప్రభుత్వం ఇవ్వాల్సిన సొమ్ము తేలేది ఆ టికెట్ల మీదే. వేమూరులో పది మంది ఒక్కసారి ఎక్కితే పదీ కొట్టాల్సిందే, అదీ తర్వాతి స్టేజీ రాకముందే.