బొటనవేలి బ్రేకు

మోటార్‌సైకిల్ రేసింగ్‌ను వృత్తిగా చేపట్టినవారి ప్రతిభను అంచనా కట్టేటప్పుడు వేగమూ, ధైర్యమూ ముందుకు వస్తాయి గానీ, దెబ్బతిన్న శరీరానికీ దయలేని యంత్రానికీ పొత్తు కుదుర్చుకోవడమనే మూడో విద్య గురించి అంతగా చర్చ జరగదు. ఆస్ట్రేలియాకు చెందిన మిక్ డూహన్ 1994 నుంచి 1998 వరకు వరుసగా ఐదేళ్లు 500 సీసీ తరగతిలో ప్రపంచ విజేతగా నిలిచిన తీరును పరిశీలిస్తే, తక్కిన రెండింటికీ ఆ మూడోదే ఆధారమైందని తోస్తుంది.

2002లో మోటోజీపీగా మారకముందు గ్రాండ్‌ప్రి పోటీలలో అత్యున్నత శ్రేణి ఈ 500 సీసీ తరగతే. అందులో పరుగెత్తిన బండ్లు టూ స్ట్రోక్ ఇంజన్లవి, అంటే క్రాంక్ తిరిగిన ప్రతిసారీ ప్రతి సిలిండరులోనూ ఇంధనం మండే రకానివి. వాటి శక్తి క్రమంగా పెరగక, ఇంజను ఒక వేగాన్ని దాటగానే ఒక్కసారిగా విరుచుకుపడేది. 130 కిలోలకు కాస్త అటూఇటూ తూగే బండికి అంతటి శక్తి తోడైనప్పుడు, మలుపు నుంచి బయటికి వస్తూ యాక్సిలరేటర్ తిప్పిన రైడరు కింద వెనుక చక్రం పట్టు తప్పి పక్కకు జారడం నిత్యకృత్యం. ఆ జారుడును అదుపులో ఉంచడానికి డూహన్ వెనుక బ్రేకును విరివిగా వాడేవాడు. మన రోడ్ల మీద కుడికాలితో తొక్కే ఆ బ్రేకు బండిని ఆపడానికే ఉందని అనుకుంటాం. రేసరు చేతిలో అది వెనుక చక్రాన్ని బుజ్జగించి, ముందు చక్రాన్ని నేల విడవనీయక, బండిని అనుకున్న దారిలో నిలిపే సాధనం.

1989లో హోండా జట్టుతో ఈ తరగతిలోకి వచ్చిన డూహన్, 1992లో తొలి ఏడు పందేలలో ఐదు గెలిచి, రెండింటిలో రెండో స్థానం పొంది, 130 పాయింట్లతో అమెరికన్ రేసరు వేన్ రైనీ కంటే 65 పాయింట్లు ముందున్నాడు. జూన్‌లో నెదర్లాండ్స్‌లోని అస్సెన్‌లో ప్రాక్టీసు సమయంలో పడి కుడికాలు విరగ్గొట్టుకున్నాడు. శస్త్రచికిత్స తరువాత రక్తప్రసరణ దెబ్బతిని కాలు తీసేయవలసిన స్థితి ఏర్పడగా, రేసర్ల వైద్యుడిగా పేరొందిన క్లాడియో కోస్తా ఆయనను ఇటలీకి తరలించి, ఎడమకాలి రక్తం కుడికాలికి అందేలా రెండు కాళ్లనూ కొంతకాలం కలిపి కుట్టించాడు. కాలు దక్కింది; చీలమండ కదలిక మాత్రం చాలావరకు పోయింది.

ఆ ఏడాదే ఆయన బ్రెజిల్‌లో మళ్లీ బండెక్కడాన్ని వీరగాథగా చెప్పుకోవడం ఆనవాయితీ. అయితే లెక్క చూస్తే ఆ సాహసం తెచ్చిపెట్టింది ఆరు పాయింట్లే: మొదటి పదిమందికే పాయింట్లిచ్చే ఆనాటి నిబంధన వల్ల బ్రెజిల్‌లోని 12వ స్థానం దండగ కాగా, దక్షిణాఫ్రికాలో ఆరో స్థానం దక్కింది. రైనీ 140 పాయింట్లతో కిరీటం గెలిచాడు. డూహన్ 136 దగ్గర ఆగిపోయాడు. మొండితనం చేయగలిగింది అంతవరకే, ఆపై పని మరో తీరున జరగవలసి వచ్చింది.

ఆ పని 1993లో జరిగింది. కుడికాలు బ్రేకు పెడల్‌ను నమ్మకంగా తొక్కలేని స్థితిలో, హ్యాండిల్‌బార్ ఎడమవైపు బొటనవేలితో నొక్కే చిన్న మీటను అమర్చి, వెనుక బ్రేకును దానికి కలిపారు. మన స్కూటర్లకు వెనుక బ్రేకు ఎడమచేతి కిందే ఉంటుంది గనుక ఇందులో వింతేముందని పాఠకుడికి అనిపించవచ్చు. కానీ స్కూటరుకు చేతితో నొక్కే క్లచ్ లేదు, రేసు బండిలో అదే ఎడమచేయి క్లచ్‌ను కూడా చూసుకోవాలి, పైగా బండి బాగా ఒరిగి ఉన్నప్పుడు ఒత్తిడిని వెంట్రుకవాసి తేడాతో పెంచుతూ తగ్గిస్తూ పోవాలి. ఏళ్ల తరబడి పాదానికి అలవాటైన సూక్ష్మ స్పర్శను వేలికి నేర్పడం ఏ వైద్యుడూ చేసిపెట్టగల పని కాదు.

మరుసటి ఏడాది తొమ్మిది విజయాలతో తొలి టైటిల్ వచ్చింది. 1992లో హోండా తన ఇంజనులో నాలుగు సిలిండర్లూ వెంటవెంటనే పేలి, తరువాత టైరు తిరిగి పట్టు తెచ్చుకోవడానికి విరామం దొరికేలా ‘బిగ్ బ్యాంగ్’ అనే అమరిక తెచ్చింది; నడిపేవాడికి అది ఉపశమనం. 1997లో డూహన్ ఆ ఉపశమనాన్ని కాదని, పేలుళ్లు సమాన దూరాలలో జరిగే కటువైన పాత ‘స్క్రీమర్’ అమరికకు తిరిగి వెళ్లి, 15 పందేలలో 12 గెలిచాడు. యాక్సిలరేటరుకూ వెనుక టైరుకూ మధ్య నేరుగా సంబంధం ఉండాలన్నదే ఆయన కోరిక. ఆ ఎంపికలో బొటనవేలి మీట ఇచ్చిన భరోసాకూ కొంత పాలు ఉందనుకోవడం అసంగతం కాదు.

కుడివైపు బాగా ఒరిగినప్పుడు బూటుకూ రోడ్డుకూ మధ్య పెడల్ తొక్కే సందు ఎవరికీ మిగలదు. అందువల్లనే కాళ్లు నిక్షేపంగా ఉన్న నేటి మోటోజీపీ రైడర్లు సైతం పలువురు వెనుక బ్రేకును చేతివేలితోనే వాడుతున్నారు. 1999లో స్పెయిన్‌లోని హెరెజ్‌లో మరో ప్రమాదం డూహన్ వృత్తిజీవితాన్ని ముగించింది. 500 సీసీ తరగతిలో ఆయన గెలిచిన 54 పందేలలో 45 అస్సెన్ ప్రమాదం తరువాత గెలిచినవే.