సూసన్ ఎందుకు బయటే ఉండిపోయింది?

సి.ఎస్. లూయిస్ పిల్లల కోసం రాసిన నార్నియా కథల్లో అస్లాన్ అనే సింహం క్రీస్తుకు ప్రతిరూపం. 1950లో వచ్చిన మొదటి పుస్తకంలో, తోబుట్టువులకు ద్రోహం చేసిన ఎడ్మండ్ కోసం అస్లాన్ రాతిబల్ల మీద ప్రాణమిస్తాడు. ఆ రాత్రి శవం దగ్గర ఏడ్చింది ఎడ్మండ్ అక్క సూసన్, చెల్లెలు లూసీ. తెల్లవారాక, తిరిగి లేచిన అస్లాన్‌ని మొదట చూసిందీ వాళ్లే. సువార్తల్లో కూడా ఖాళీ సమాధి దగ్గరికి ముందుగా వెళ్లింది స్త్రీలే కదా!

మరి 1956 నాటి చివరి పుస్తకంలో? స్వర్గం లాంటి అసలు నార్నియాకి తోబుట్టువులంతా చేరతారు, ఒక్క సూసన్ తప్ప. ఆమెకిప్పుడు నైలాన్ మేజోళ్లు, లిప్‌స్టిక్, విందు పిలుపులే లోకమట! ఎడ్మండ్ ద్రోహానికి దేవుడి ప్రాణమే పరిహారమైంది. సూసన్ లిప్‌స్టిక్‌కి ఆ మాత్రం కరుణ కూడా దక్కలేదు.

ఆమె తప్పు అలంకరణ కాదు, అవిశ్వాసం అనేవాళ్లున్నారు. నిజమే, నార్నియాని ఆమె చిన్ననాటి ఆటగా కొట్టిపారేస్తుంది. కానీ ఆ అవిశ్వాసానికి గుర్తులుగా రచయిత ఏరుకున్నవేమిటి? యుక్తవయసు ఆడపిల్ల వస్తువులు! స్త్రీ ఎదగడమే విశ్వాసం నుంచి జారిపోవడమన్న భావం పిల్లల మనసుల్లోకి దిగేది ఇలాంటి ప్రతీకల ద్వారానే.

ఆమె మారడానికి ఇంకా సమయముందని లూయిస్ 1957లో ఒక ఉత్తరంలో రాశాడు. అయితే ఒకే రైలు ప్రమాదంలో తల్లిదండ్రులనూ తోబుట్టువులనూ పోగొట్టుకున్న సూసన్ దుఃఖానికి పుస్తకంలో ఒక్క వాక్యమూ లేదు. దేవుడి శవం దగ్గర కూర్చున్న ఆ పిల్ల, తనవాళ్ల శవాల దగ్గర ఎలా కూర్చుందో మనమే ఊహించుకోవాలి.