చిలుకూరు ప్రదక్షిణల్లో ప్రపంచ రాజకీయాలు

హాన్స్ మోర్గెంథావ్ 1948లో రాసిన 'పాలిటిక్స్ అమాంగ్ నేషన్స్' అంతర్జాతీయ సంబంధాలకు ఓనమాల్లాంటి పుస్తకం. మానవ స్వభావం, అధికారం, జాతీయ ప్రయోజనం - వీటితోనే ఆయన ప్రపంచాన్ని వివరించాడు. ఆ మానవుడు ఎవరు? అది మగవాడి అనుభవాన్నే మానవ స్వభావంగా చూపే సూత్రమని యాన్ టిక్నర్ 1988లో విమర్శించారు.

ఆ విమర్శ నాకు తరగతి గదిలో కన్నా మొయినాబాద్ మండలం చిలుకూరులో బాగా అర్థమైంది. హుండీ లేని ఆ గుడిలో కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. జనం పెట్టుకున్న పేరు 'వీసా బాలాజీ'. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన మా చిన్నమ్మ కూతురు నాతో పాటు తిరుగుతూ అంది: "నా వీసా నాది కాదక్కా, ఆయన ఉద్యోగానిది."

హెచ్-4 వీసాను ఇంతకన్నా సూటిగా ఏ పుస్తకమూ నిర్వచించలేదు. 2015 మే దాకా ఆ వీసా మీద వెళ్లిన భార్యలకు ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ తర్వాత కూడా అందరికీ రాలేదు. భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటితేనే ఆమె దరఖాస్తు పెట్టుకోవాలి. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు అందరూ కంపెనీల నష్టం లెక్కగట్టారు. ఈ భార్యల లెక్క ఎవరు చూశారు?

మన రాజ్యమూ తక్కువ తినలేదు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లాలంటే స్త్రీకి 30 ఏళ్లు నిండాలి. రక్షణ పేరుతో దారి మూస్తే ఆమె ఏజెంటు చూపించే దొడ్డిదారి పడుతుంది. ఒకరికి భర్త, ఇంకొకరికి ప్రభుత్వం సంరక్షకులు.

స్త్రీలు ఎక్కడున్నారని వెతికితే ప్రపంచ రాజకీయాలు వేరుగా కనిపిస్తాయని సింథియా ఎన్లో 'బనానాస్, బీచెస్ అండ్ బేసెస్' (1989)లో చూపించారు. అరటితోటల్లో, సైనిక స్థావరాల్లో, దౌత్యవేత్తల ఇళ్లలో వెతికారు. మనం పెళ్లిచూపుల్లో కూడా వెతకాలి. వీసా ఉన్న వరుడికి కట్నం పెరిగేది అక్కడే. కులం, కట్నం, వలస కలిసే ఆ చోటికి ఎన్లో పుస్తకం మనల్ని తీసుకెళ్లదు. అది మనమే రాసుకోవాలి.

మా చెల్లెలికి వీసా వచ్చింది. 108 ప్రదక్షిణలూ తనే చేసింది. సూట్‌కేసులో ఎమ్మెస్సీ పట్టా పెట్టనా వద్దా అని మాత్రం నన్నడిగింది.