'సిద్ధాంతం' అనే మాట: ఒక విమర్శనాత్మక పరిశీలన

పైథాగరస్ సిద్ధాంతం, అద్వైత సిద్ధాంతం, పరిణామ సిద్ధాంతం - ఈ మూడింటినీ మీరు పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు. మూడు చోట్లా మాట ఒక్కటే. ప్రమాణాలు మాత్రం వేరు.

పైథాగరస్ సిద్ధాంతాన్ని స్వీకృతాల ఆధారంగా తర్కంతో నిరూపిస్తారు. ఎన్ని త్రిభుజాలను కొలిచి చూపినా అది నిరూపణ కాదు. అద్వైతం ఒక దర్శనం. శ్రుతి, యుక్తి, అనుభవం దానికి ఆధారాలు. విజ్ఞానశాస్త్ర సిద్ధాంతం ప్రకృతిని వివరించి, పరిశీలనకు నిలబడాలి. 1915లో ఐన్‌స్టీన్ రూపొందించిన సాధారణ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం, సూర్యుని అంచును దాటి వచ్చే నక్షత్రకాంతి 1.75 ఆర్క్ సెకన్లు వంగాలి. 1919 మే 29 నాటి సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో ఛాయాచిత్రాలు తీసి దీనిని సరిచూశారు. కాంతి వంగకపోయి ఉంటే సిద్ధాంతమే సందేహంలో పడేది.

'సిద్ధాంతం' అంటే వ్యుత్పత్తి రీత్యా తేలిపోయిన నిర్ణయం. విజ్ఞానశాస్త్రంలో ఏదీ అలా శాశ్వతంగా తేలిపోదు. మన పరిభాషలోని ఈ లోపం వల్ల పరిణామ సిద్ధాంతాన్ని కొందరు ఒక మతంగా తోసిపుచ్చుతారు, మరికొందరు ప్రశ్నించరాని తీర్పుగా వల్లె వేస్తారు. రెండూ పొరపాట్లే.

స్థిరపడిన మాటను ఇప్పుడు మార్చలేం. కాని అది కనిపించినప్పుడల్లా ఒక ప్రశ్న వేసుకోండి: ఏది కనబడితే ఇది తప్పని తేలుతుంది? పరిణామ సిద్ధాంతానికి జవాబు ఉంది: చేపలైనా పుట్టని కాలపు రాతిపొరల్లో కుందేలు శిలాజాలు దొరకడం. ఇలాంటి జవాబు చెప్పగలిగినదే విజ్ఞానశాస్త్ర సిద్ధాంతం.